మూడు ప్రతుల పెద్దమనిషి

"తన వస్తువు తన ఇంట్లో లేనివాడు అద్దెకున్నవాడితో సమానం! మూడు ప్రతులు లేనిది అసలు లేనట్టే లెక్క! తెరిచి చూసుకోని నకలు నకలే కాదు!"

ఈ మూడు మహావాక్యాలనూ లోకానికి ప్రసాదించింది ఒక పెద్ద ఆఫీసులో దస్త్రాల విభాగం సూపరింటెండెంటు గారు. ఆయనకు జ్ఞానోదయమైన చోటు సొంత ఇంట్లో బట్టల బీరువా. ఆ బీరువాలో ఇప్పుడు బట్టలు లేవు. మూడేళ్ళ కిందట వాటిని మంచం కిందికి బదిలీ చేసి, గాలి ఆడటానికి తలుపులకు చిల్లులు కొట్టించి, లోపల సర్వర్‌ని ప్రతిష్ఠించారు. సర్వర్ అంటే మరేం కాదు. ఆఫీసు వేలంలో పాత ఇనుము కింద పాడుకొచ్చిన ఒక కంప్యూటరు, దాని పొట్టలో రెండు డిస్కులు, నెత్తిన ఒక రూటరు, ఈ రెంటికీ మధ్య అవసరానికి మించి పదకొండు కేబుళ్ళు!

ఇలా ఇళ్ళలో సర్వర్లు పెట్టుకున్నవాళ్ళకు ఫోన్లో ఒక సంఘం ఉంది. పేరు 'సొంత గూడు'. సభ్యులు మూడు వందల పైచిలుకు. ప్రతి ఆదివారం ఎవరి గూడు ఫోటో వాళ్ళు తీసి, ఏ తీగ ఎక్కడికి పోతుందో పటం గీసి సంఘంలో పెడతారు. మిగతావాళ్ళు ముందు కేబుళ్ళు కట్టిన తీరు మెచ్చుకోవాలి, తర్వాత లైట్ల రంగు మెచ్చుకోవాలి. అది చేసే పనేమిటని మాత్రం ఎవరూ అడగరు. ఆడవాళ్ళ వయసూ మగవాళ్ళ జీతమే కాదు, సర్వర్ చేసే పని కూడా అడగకూడదని అక్కడ అందరికీ తెలుసు.

సూపరింటెండెంటు గారికి ఆ సంఘంలో 'మూడు ప్రతులాయన' అని పేరు. బిరుదని ఆయన అనుకునేవారు. ఎవరి డిస్కు పాడైందని తెలిసినా, పరామర్శకు వెళ్ళినట్టు వెళ్ళి, "మూడు ప్రతులున్నాయా బాబూ?" అని అడిగి, లేవని చెప్పించుకుని, తృప్తిగా నిట్టూర్చేవారు.

ఆయన సర్వర్ ఒక పని చేసేది కూడా! ఆయన భార్య ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం పాఠాలు చెబుతుంది. పదకొండేళ్ళుగా ఆమె గోడ పగుళ్ళలో, మురుగు కాలవ గట్ల మీద, బస్టాండు వెనక మొలిచిన కలుపు మొక్కలకు ఫోటోలు తీస్తోంది. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా బతికే మొక్కల మీద పుస్తకం రాయాలని ఆమె కోరిక. రాత అంతా నోటుపుస్తకాల్లో ఉంది. నాలుగు వేల మూడు వందల పన్నెండు ఫోటోలు సర్వర్లో ఉన్నాయి. ఒక ప్రచురణకర్త ఒప్పుకున్నాడు. సోమవారానికల్లా ఫోటోలు అందాలన్నాడు.

నిజానికి ఆ ఫోటోలు మొదట్లో నెలకింత అద్దె కట్టి ఏదో కంపెనీ వాళ్ళ దగ్గర దాచుకునేది ఆమె. ఇది తెలిసినరోజు సూపరింటెండెంటు గారు అన్నం ముందునుంచి లేచిపోయారు.

"మన చీరలు తీసుకెళ్ళి ఊళ్ళోవాళ్ళ బీరువాలో దాచుకుంటామా?"

"మన బీరువాలో చోటేదండీ? మీ సర్వరుందిగా!" అంది ఆమె.

అయినా భర్త మాట కాదనలేక అద్దె మానేసి, ఫోటోలన్నీ బీరువాకి అప్పగించింది. అప్పగించేటప్పుడు ఒక్క మాట అడిగింది. "భద్రంగా ఉంటాయా?" ఆయన నవ్వారు. ఆ నవ్వు చూస్తే, అడిగినందుకు ఆమెకే సిగ్గేసింది.

భద్రత విషయంలో ఆయనంత నిక్కచ్చి మనిషి మరొకరు లేరు. ఇంటి వైఫైకి ఇరవై నాలుగు అక్షరాల పాస్‌వర్డు పెట్టారు. ఒకసారి అది ఆయనే మర్చిపోయి మూడురోజులు ఎదురింటివాళ్ళ వైఫై వాడుకున్నారు. టీవీ అయితే గూఢచారి జాతిదని తేల్చి, దాన్ని నెట్‌వర్కు నుంచి బహిష్కరించారు. టీవీతోపాటు, దాని ముందు కూర్చునే ఆయన తల్లి కూడా బహిష్కృతురాలైంది. "పోనీలేరా, ఆ ఏడుపు సీరియళ్ళు తప్పాయి" అని ఆవిడ పెద్దగా బాధపడలేదు.

ఇంతటి మనిషి ఆఫీసులో చేసే ఉద్యోగం కూడా చెప్పుకోవాలి. పై అధికారికి వెళ్ళే ప్రతి దస్త్రం మీదా 'సరిచూడబడింది' అని ముద్ర వెయ్యడం ఆయన పని. దస్త్రాన్ని చేత్తో ఎత్తి బరువు చూస్తారు. బరువుంటే ముద్ర. లేకపోయినా ముద్రే గానీ, కొంచెం ఆలోచించి వేస్తారు. ఇరవై ఆరేళ్ళలో ఆ ముద్ర కింద ఏముందో చూసింది తక్కువ. ముద్ర వంకరగా పడకుండా మాత్రం ప్రాణం పెట్టి చూసుకున్నారు.

ఎనిమిది నెలల కిందట ఒక ఆదివారం. ఫోటోకి అన్నీ సిద్ధం చేసుకున్నారు. బీరువాలో లైట్లన్నీ నీలంగా వెలుగుతున్నాయి, ఒక్కటి తప్ప. కింది డిస్కు ముందున్న లైటు ఎర్రగా వెలుగుతోంది! ఎర్ర లైటంటే డిస్కు చచ్చిపోయిందని అర్థం. ఆ సంగతి సంఘంలో కొత్తగా చేరినవాళ్ళకు ఆయనే బొమ్మలు వేసి బోధించారు. కానీ ఆ క్షణంలో ఆయనకు తోచిన ఇబ్బంది వేరు. ఎరుపు నీలంలో కలవలేదు, ఫోటో పాడవుతోంది. కత్తెరతో గోరంత నల్ల టేపు ముక్క కత్తిరించి లైటు మీద అతికించారు. కీచుకీచుమనే హెచ్చరిక మోత కూడా ఆపేశారు. "డిస్కు సంగతి వచ్చే ఆదివారం చూద్దాం" అనుకున్నారు. వచ్చే ఆదివారాలు ముప్పై నాలుగు వచ్చాయి. ముప్పై నాలుగు ఫోటోలూ బ్రహ్మాండంగా కుదిరాయి!

పైగా దిగులెందుకు? చెప్పుల స్టాండు వెనక ఇంకో పెట్టె ఉంది. రోజూ దానిలోకి అన్నీ నకలు అవుతాయి. తెల్లారేసరికి ఫోనుకి వార్త వస్తుంది. 'బ్యాకప్ విజయవంతం. లోపాలు సున్నా.' పక్కన పచ్చటి టిక్కు. ఆ టిక్కుని ఆయన రోజూ సంఘానికి పంపేవారు. "నేటికి వెయ్యి నలభై రోజులు, మిత్రులారా! టిక్కు తప్పలేదు!"

ఇదిలా ఉండగా 'సొంత గూడు'కి ఒక పెద్దను ఎన్నుకోవాలని నిర్ణయమైంది. పోటీ ఎవరూ లేరు. అయినా ఎన్నుకునేముందు ఒకసారి గూడు కళ్ళారా చూస్తే బాగుంటుందని ఎవరో అన్నారు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఎనిమిది మంది సభ్యులు సూపరింటెండెంటు గారి పడగ్గదిలోకి చెప్పులు విప్పి, భక్తిగా ప్రవేశించారు. అందులో ముందు నిలబడ్డవాళ్ళు ఇద్దరు. పళ్ళ డాక్టరు గారు. ఆయనకు ఆస్పత్రిలో కుర్చీ ఒకటి, ఇంట్లో సర్వర్లు మూడు. రెండో ఆయన లిఫ్టు మెకానిక్కు. చూసినదాన్ని ముట్టుకోకుండా ఉండలేని మనిషి.

బీరువా తలుపులు తెరుచుకున్నాయి. నీలి కాంతి ఎనిమిది ముఖాల మీద పడింది.

"అబ్బ! కేబుళ్ళు జడల్లా అల్లారు సార్!" అన్నాడు పళ్ళ డాక్టరు.

"ఏదో, తీరిక వేళల్లో..." అన్నారు సూపరింటెండెంటు గారు, రెండు నెలలు సెలవు పెట్టి అల్లిన సంగతి మింగేసి.

అంతలో ఆయన భార్య ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

"ఏమండీ, ఆ ఫోటోలు కాస్త ఇస్తారా? రేపే పంపాలి. ఇవాళ వరసలో పెట్టుకుంటాను."

"ఉండవోయ్. ప్రదర్శన కానీ."

"ప్రదర్శన ఎక్కడికీ పోదు. ముందు నా కలుపు నాకు పడెయ్యండి."

ఎనిమిది మందీ నవ్వారు. ఆ నవ్వు సూపరింటెండెంటు గారికి గుచ్చుకుంది. పెద్ద కాబోయే మనిషిని పెళ్ళాం కలుపు అడగడమా!

"ఎప్పుడడిగితే అప్పుడిస్తాను. అసలు నడుస్తున్న సర్వర్లోంచి ఒక డిస్కు పీకేసి మరీ ఇస్తాను! రెండో డిస్కులో అన్నీ అచ్చంగా అలాగే ఉంటాయి. చూస్తారా?"

"పీకండి సార్!" అన్నాడు డాక్టరు ఉత్సాహంగా. "పీకడం చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది!"

ఏ డిస్కు పీకాలి? సూపరింటెండెంటు గారు ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. నీలం లైటు వెలుగుతున్న డిస్కుని పీకారు. వెలుగుతున్నదాన్ని పీకితేనే కదా చూసేవాళ్ళ గుండె ఝల్లుమనేది! టేపు ముక్క సంగతి ఆయనకు గుర్తులేదు. ముప్పై నాలుగు వారాలు ఫోటోల్లో చూసి చూసి, అది పుట్టుమచ్చలా కలిసిపోయింది.

డిస్కు చేతులు మారింది. పసిపిల్లను అందుకున్నట్టు ఒకరి తర్వాత ఒకరు రెండు చేతులా అందుకుని, బరువు చూసి, పక్కవాళ్ళకు ఇచ్చారు. ఇటు కంప్యూటరు తెరమీద ఒక గీత తిరుగుతోంది. తిరిగి తిరిగి ఆగింది. 'డిస్కు కనబడలేదు' అంది.

"సార్," అన్నాడు లిఫ్టు మెకానిక్కు, బీరువాలో తల దూర్చి. "ఇక్కడీ టేపెందుకు?"

"అదా... అందం కోసం."

మెకానిక్కు గోటితో టేపు లాగేశాడు. కింద ఎర్ర లైటు, ఎనిమిది నెలలుగా తన మాట ఎవరూ వినలేదన్న కసితో, భగ్గున వెలిగింది.

సూపరింటెండెంటు గారు ఒక్క గెంతులో పళ్ళ డాక్టరు చేతిలో ఉన్న డిస్కు కోసం దూకారు. ఆయన దూకుతున్నారని డాక్టరు గబుక్కున ఇవ్వబోయాడు. ఈ రెండు తొందరల మధ్య డిస్కు జారి నేలమీద పడింది. మళ్ళీ దాని చోట్లో పెట్టి నొక్కితే, లోపల్నుంచి టక్కుటక్కుమని, ఆ తర్వాత గరగరమని చప్పుడొచ్చింది.

"ఈ చప్పుడు నాకు తెలుసు సార్," అన్నాడు డాక్టరు చిన్న గొంతుతో. "వేరు దాకా పోయింది."

"భయం లేదు!" అని గర్జించారు సూపరింటెండెంటు గారు. గొంతు మాత్రం మధ్యలో చీలింది. "మూడు ప్రతులని ఎందుకన్నాను? మూడోది చెప్పుల స్టాండు వెనకుంది!"

అందరూ ఊరేగింపుగా చెప్పుల స్టాండు దగ్గరికి వెళ్ళారు. పెట్టెకు తెర తగిలించారు. 'కలుపు' అన్న ఫోల్డరు కనిపించింది. పక్కన పచ్చటి టిక్కు. సూపరింటెండెంటు గారు దాన్ని తెరిచారు. తెల్లగా ఉంది. మూసి మళ్ళీ తెరిచారు. ఇంకా తెల్లగా ఉన్నట్టు తోచింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. మూడేళ్ళ కిందట, సర్వర్ పెట్టిన మొదటి వారంలోనే, సంఘం కోసం పటం గీస్తూ, అంత అందమైన పటంలో 'కలుపు' అన్న మాట పరువు తక్కువని, 'వృక్షశాస్త్ర భాండాగారం' అని కొత్త ఫోల్డరు చేసి ఫోటోలన్నీ అందులోకి మార్చారు. పాత 'కలుపు' ఖాళీగా మిగిలింది. నకలు తీసే పెట్టెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నమ్మకంగా ఆ ఖాళీ ఫోల్డరుకే వెళ్ళింది. అసలులో లేనిది నకలులో ఉండరాదు కనక, తన దగ్గరున్న కాస్తా చెరిపేసింది. ఆనాటి నుంచి రోజూ శూన్యాన్ని పూర్తిగా, ఒక్క పొల్లు కూడా వదలకుండా నకలు తీసి, లోపాలు సున్నా అని నివేదించింది. అందులో అబద్ధమేముంది? సున్నాలో లోపం ఎక్కడుంటుంది?

పళ్ళ డాక్టరు గడియారం చూసుకున్నాడు. "సార్, ఇంట్లో చిన్న పని గుర్తొచ్చింది." ఆయన వెనకాలే ఇంకొకాయనకు గ్యాసు కట్టేశానో లేదో అని అనుమానమొచ్చింది. మరొకాయనకు అత్తగారొస్తున్నారు. మూడు నిమిషాల్లో ఏడుగురు మాయమయ్యారు. అందులో ఇద్దరు ఒకరి చెప్పులు ఒకరు వేసుకుపోయారు. చివర మిగిలిన మెకానిక్కు గుమ్మంలో ఆగాడు.

"ఏమనుకోకండి సార్. మా ఇంట్లో కూడా ఒక లైటు మీద... స్టిక్కరుంది." అని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీదుగా పరిగెత్తాడు. లిఫ్టు మెకానిక్కు మెట్లెక్కడమే ఎరగం, మెట్లు దిగి పరిగెత్తాడంటే గుండె ఎంత కొట్టుకుందో!

చెప్పుల స్టాండు పక్కన ఆయనా, ఆమే మిగిలారు. ఆమె కిందనే కూర్చుండిపోయింది.

"పదకొండేళ్ళండీ," అంది.

ఆయన ఆ ఖాళీ ఫోల్డరుని ఇంకోసారి తెరిచి చూశారు.

"నెలకోసారి అడిగాను మిమ్మల్ని, నా ఫోటోలున్నాయా అని. ఉన్నాయన్నారు. చూసి చెప్పారా?"

"టిక్కు... టిక్కు చూసి చెప్పాను."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆయనకు. చీర కొంగుతో కళ్ళొత్తుకుని, ఒళ్ళోని ల్యాప్‌టాప్‌ని మెల్లిగా మూసింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో మొదటిసారి సూపరింటెండెంటు గారికి తన ముద్ర అంటే అసహ్యం వేసింది.

"అమ్మాయ్!" అని కేక వినిపించింది హాల్లోంచి. "ఏమిటే ఆ నిశ్శబ్దం? ఎవరైనా పోయారా?"

"నా ఫోటోలు పోయాయి అత్తయ్యా."

"ఏ ఫోటోలు?"

"మొక్కలవి. మొత్తం."

"పోవడమేమిటే నీ మొహం! ఇప్పుడే చూస్తుంటేను! బస్టాండు వెనక పల్లేరు దాకా వచ్చాను."

ఇద్దరూ హాల్లోకి పరిగెత్తారు. బహిష్కృతమైన టీవీ నిండా పసుపుపచ్చటి పల్లేరు పువ్వొకటి, తలుపంత ఎత్తున నిలబడి ఉంది. టీవీ వెనక ఒక పెన్ డ్రైవ్.

టీవీని నెట్‌వర్కు నుంచి వెలివేశాక, అత్తగారికి పొద్దుపోవడం లేదని కోడలు తన ఫోటోలన్నీ పెన్ డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చింది. నెలనెలా కొత్తవి కలిపేది. ఆవిడ చూపు మందం. చిన్న సైజువి ఇస్తే మసకగా ఉన్నాయని కేకలేస్తుంది. అందుకని అసలువి అసలుగానే ఇచ్చేది. అత్తయ్య కాలక్షేపం అనుకుందే తప్ప, అది ఒక ప్రతి అని ఆమెకే తట్టలేదు. చూడనప్పుడు ఆ పెన్ డ్రైవ్ గుండీల డబ్బాలో ఉంటుంది. డబ్బా మీద అతికించిన కాగితం మీద, ఏ తేదీన అన్నీ చూసిందీ ముసలావిడ పెన్సిలుతో రాసుకుంది. ముప్పై అయిదు తేదీలున్నాయి.

"నెలకోసారి మొదట్నుంచి చివరిదాకా చూస్తాను," అంది ఆవిడ. "ఏదైనా తెరుచుకోకపోతే అమ్మాయికి చెప్తే మళ్ళీ ఎక్కిస్తుంది. చూడకపోతే ఉన్నాయో లేవో ఎలా తెలుస్తుందిరా?"

మూడో మహావాక్యం! మూడు వందల మంది లైకులు కొట్టిన వాక్యాన్ని లోకంలో ఒకే ఒక్క మనిషి పాటించింది, అదీ ఆ సంఘంలో లేని మనిషి!

కోడలు ఏడుస్తూ నవ్వుతూ అత్తగారిని కావలించుకుంది. వెంటనే ఫోటోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని, ఒక్కొక్కటే వరసలో పెట్టుకోవడానికి మూల కుర్చీలో కూర్చుంది. పెన్ డ్రైవ్ తిరిగి అత్తగారి చేతికొచ్చింది. సూపరింటెండెంటు గారికి కాస్త జీవం వచ్చింది. చెయ్యి చాపారు.

"ఇలా ఇవ్వమ్మా. కొత్త డిస్కు తెచ్చి సర్వర్లో భద్రంగా..."

ఆవిడ పిడికిలి మూసింది. "నీకా? ముందు కూర్చుని అన్నీ చూడు. ఒక్కటి కూడా వదలకు. అప్పుడిస్తాను."

తప్పలేదు. పెన్ డ్రైవ్ టీవీకి పెట్టి, రిమోటు చేతికిచ్చి ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. మొదటి ఇరవై ఫోటోలు ఆయన నిజంగానే చూశారు. ముప్పై దాటాక బొటనవేలు దాని దారిన అది మీట నొక్కుతోంది. రెండో చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది. సంఘంలో ఏమనుకుంటున్నారో! పెద్ద పదవి ఏమవుతుందో! ఏదో ఒకటి రాయాలి. జరిగింది జరిగినట్టు రాద్దామని మొదలుపెట్టారు. 'నా బుద్ధిలేనితనం వల్ల' అని రాసి, చెరిపేసి, ఇలా రాశారు:

"మిత్రులారా! ముందస్తు ప్రణాళిక ప్రకారం నేడు మా గూటిలో ఒక విపత్తు విన్యాసము నిర్వహించడమైనది. రెండు డిస్కులు, బ్యాకప్ పెట్టె ఏకకాలములో విఫలమగు అత్యంత కఠిన పరిస్థితిని సభ్యుల సమక్షములో కల్పించడమైనది. నెట్‌వర్కుతో ఎట్టి సంబంధము లేని, నిరంతర మానవ పర్యవేక్షణలో నున్న నాలుగవ ప్రతి నుండి 4,312 చిత్రములు యథాతథముగా లభించినవి. అన్నియు నాచే స్వయముగా సరిచూడబడినవి."

పంపిన నిమిషానికే పళ్ళ డాక్టరు జవాబు వచ్చింది. "ధన్యోస్మి గురువు గారూ! విన్యాసమని మాకు అప్పుడే అనుమానమొచ్చింది. మా ఇంట్లో కూడా ఇప్పుడే సరిచూశాను, అన్నీ భద్రం!" మిగతావాళ్ళందరి గూళ్ళూ కూడా భద్రంగానే ఉన్నాయట. ఒక్క లిఫ్టు మెకానిక్కు మాత్రం ఏమీ రాయలేదు.

ముప్పావు గంటలో నాలుగు వేల మూడు వందల పన్నెండు ఫోటోలూ అయిపోయాయి. తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అన్నీ చూశావా?"

"అన్నీ చూశానమ్మా. బ్రహ్మాండంగా ఉన్నాయి."

"మురుగు కాలవ గోడలో చిన్న తెల్ల పువ్వు ఉంటుంది. దాని మీద ఎండ పడకుండా గొడుగు పట్టుకున్నాడు చూడు, ఎవరతను?"

సూపరింటెండెంటు గారు ఆలోచించారు. ఆఫీసులో పై అధికారి అడిగినప్పుడు ఆలోచించే పద్ధతిలోనే ఆలోచించారు.

"ఎవరో... కాలేజీ అటెండరనుకుంటా."

మూల కుర్చీలో వేళ్ళ చప్పుడు ఆగింది. ఆమె తలెత్తి భర్త వైపు చూసింది. ఇందాక చెప్పుల స్టాండు దగ్గర కూడా ఆమె అలా చూడలేదు.

"మీరేనండీ," అంది. "మొదట్లో ఆదివారాలు మీరూ నాతో వచ్చేవారు. సర్వర్ రాకముందు."

ఫోను టింగుమంది. 'గూడు పెద్దగా మీ ఎన్నిక ఏకగ్రీవం! అభినందనలు!' ఆయన దాన్ని బోర్లించి బల్ల మీద పెట్టారు. తల్లి రిమోటు అందుకుని మొదటి ఫోటోకి తిప్పి, మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది.

"అది ఎన్నో ఫోటో అమ్మా?" అని అడిగారు మూడు ప్రతుల పెద్దమనిషి.

"చూసుకో," అంది ఆవిడ.